డి డ్రైవ్ కావాలి, ఫైళ్లు పోవద్దు

కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి తెరిస్తే అందులో ఒక్క సి డ్రైవే కనబడుతుంది. 512 జీబీ ఉన్నా, ఒక టీబీ ఉన్నా కంపెనీవాళ్లు మొత్తాన్ని ఒకే ముక్కగా పెట్టి ఇచ్చేస్తున్నారు. కొత్తలో ఎవరూ పట్టించుకోరు. పెండ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు, గల్ఫ్‌లో ఉన్నాయన పాస్‌పోర్టు స్కాన్లు, పసుపు అమ్మిన తక్‌పట్టీల ఫొటోలు అన్నీ డెస్క్‌టాప్ మీదే పేరుకుంటాయి. ఒకరోజు సిస్టం మొరాయిస్తుంది. చూసినవాళ్లు "విండోస్ మళ్లీ కొట్టాలె, సి లో ఉన్నదంతా పోతది" అంటారు. డి డ్రైవ్ విలువ అప్పుడు తెలుస్తుంది.

"అన్నా, ఫార్మాట్ కొట్టకుండ డి డ్రైవ్ చెయ్యొస్తదా?"

"చెయ్యొస్తది తమ్మీ. నడుమ కరెంటు పోవద్దు, గంతే."

నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల నుంచి మోర్తాడ్‌కో ఆర్మూర్‌కో వెళ్లి కంప్యూటర్ దుకాణంలో అడిగితే ఇలాంటి జవాబే వస్తుంది. జవాబు సరైనదే. కాకపోతే కరెంటు ఎప్పుడు పోతే ముప్పు, ఎప్పుడు పోయినా పెద్దగా ఏమీ కాదు, ఆ తేడా ఎందుకొస్తుంది అన్నది దుకాణంలో నిలబడి చెప్పేంత తీరిక ఎవరికీ ఉండదు. అది తెలిస్తే ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు. ఏ పనికి ధైర్యంగా దిగొచ్చో, దేని జోలికి పోకూడదో కూడా తెలుస్తుంది.

2016 అక్టోబర్ 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. నిజామాబాద్ నుంచి కామారెడ్డి విడిపోయింది. అదే విభజనలో మోర్తాడ్ మండలంలోని కొన్ని ఊళ్లను వేరుచేసి ఏర్గట్లను కొత్త మండలం చేశారు. ఆ మండలంలోని తాళ్లరాంపూర్ రైతు తెల్లారి లేచి చూస్తే చేను ఉన్నచోటే ఉంది, గట్టు ఉన్నచోటే ఉంది. మారిందల్లా రికార్డు. ఏ ఊరు ఏ తహసీల్దారు కిందికి వస్తుందో చెప్పే జాబితా మారింది. డిస్కును భాగాలు చేయడం కూడా మొదట్నుంచీ రికార్డు పనే. డిస్కులో గోడలు కట్టరు, గీతలు గీయరు. ఎక్కడినుంచి ఎక్కడిదాకా సి, ఎక్కడినుంచి డి అని ఒకచోట రాసుకుంటారు, అంతే.

ఆ రాత ఎంత చిన్నదో వింటే ఆశ్చర్యం వేస్తుంది. పాత పద్ధతి డిస్కుల్లో మొట్టమొదటి సెక్టారు 512 బైట్లు. దాన్నే మాస్టర్ బూట్ రికార్డ్, పొట్టిగా ఎంబీఆర్ అంటారు. అందులో 64 బైట్లు మాత్రమే భాగాల పట్టిక. నాలుగు వరుసలు, వరుసకు 16 బైట్లు. ఒక్క వరుసను విప్పి చూద్దాం. మొదటి బైటు, ఈ భాగం నుంచి సిస్టం బూట్ కావాలా వద్దా అని చెబుతుంది. తర్వాత మూడు బైట్లు, ఇంకొంచెం ముందుకెళ్లాక మరో మూడు బైట్లు పాతకాలపు లెక్కలో మొదలు, చివర. ఇప్పుడు వాటినెవరూ చూడరు. ఆ రెంటి నడుమ ఒక్క బైటు ఈ భాగం ఏ రకందో చెబుతుంది. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే అక్కడ 07 అని, లైనక్స్ అయితే 83 అని ఉంటుంది. చివరి ఎనిమిది బైట్లే అసలైనవి. నాలుగింటిలో ఈ భాగం ఎన్నో సెక్టారు దగ్గర మొదలవుతుందన్న సంఖ్య, నాలుగింటిలో మొత్తం ఎన్ని సెక్టార్లన్న సంఖ్య. మీ ఇరవయ్యేళ్ల ఫొటోలకు హద్దు ఈ రెండు సంఖ్యలే.

సెక్టారు లెక్కకు నాలుగు బైట్లే ఇచ్చారు, సెక్టారుకు 512 బైట్లే కాబట్టి 2,199,023,255,552 బైట్లు దాటి, అంటే దాదాపు 2.2 టీబీ దాటి, ఈ పట్టిక లెక్కపెట్టలేదు. 1983 మార్చిలో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ వచ్చినప్పుడు దాని హార్డ్ డిస్కు 10 ఎంబీ. ఇవాళ ఫోన్‌తో తీసే రెండు మూడు ఫొటోలకే అది నిండిపోతుంది. దాంతోపాటు వచ్చిన డాస్ 2.0లో ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రాం ఉండేది. ఒకే డిస్కు మీద రెండు మూడు రకాల ఆపరేటింగ్ సిస్టంలు ఉండాలనుకునేవాళ్లకోసం ఆ నాలుగు వరుసలు పెట్టారు. అప్పటి ఇంజినీర్లకు 2.2 టీబీ అన్నది ఊహకందని మాట. వాళ్లను తప్పుపట్టలేం.

మనకు సి, డి, ఇ, ఎఫ్ అలవాటైంది మాత్రం వేరే కారణంతో. డాస్ కాలంలో ఒక్కో భాగం 32 ఎంబీ దాటకూడదన్న పరిమితి ఉండేది. డిస్కు పెద్దదైతే ముక్కలు చేయక తప్పేది కాదు. 1987లో వచ్చిన డాస్ 3.3తో నాలుగు వరుసల గొడవ లేకుండా ఒక భాగంలోపలే ఇంకా చిన్న భాగాలు పెట్టుకునే వీలొచ్చింది. తర్వాత పరిమితి 2 జీబీకి పెరిగింది. విండోస్ 95 తొలి రోజుల్లో 4 జీబీ డిస్కు కొన్నవాళ్లు దాన్ని రెండు చేసుకోవాల్సి వచ్చింది. ఆ పరిమితులన్నీ ఎప్పుడో పోయాయి. అలవాటు మాత్రం మిగిలింది. సిస్టం అంటే కనీసం మూడు డ్రైవులుండాలని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఎంబీఆర్ బదులు జీపీటీ అనే పట్టిక ఉంటుంది. మామూలుగా 128 వరుసలు, వరుసకు 128 బైట్లు. అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది, దీనికి నకలు ఉంటుంది. అసలు పట్టిక డిస్కు మొదట్లో, నకలు డిస్కు చిట్టచివర. పట్టిక చెడిందో లేదో సరిచూసే లెక్క కూడా అందులోనే రాసి ఉంటుంది. పాత ఎంబీఆర్‌లో ఆ 64 బైట్లు చెరిగితే నకలు లేదు. విండోస్ 11కు జీపీటీ డిస్కే కావాలి కాబట్టి కొత్తగా కొన్నవాళ్లకు ఈ బెంగ లేదు. పాత సిస్టంను మార్చుకోవాలనుకునేవాళ్లకు విండోస్ 10లో 2017 నుంచి ఎంబీఆర్‌2జీపీటీ అనే పనిముట్టు ఉంది. ఫైళ్లు తుడవకుండానే పట్టికను మారుస్తుంది.

ఇంతవరకు ఒక రికార్డు గురించే చెప్పుకున్నాం. డిస్కులో ఇంకో రికార్డు కూడా ఉంటుంది. చిక్కంతా ఆ రెండూ ఒకదానితో ఒకటి సరిపోవడం దగ్గరే.

సి డ్రైవ్ హద్దులు పట్టిక చెబుతుంది. ఆ హద్దుల లోపల ఏ ఫైలు ఎక్కడుందో చెప్పేది ఫైల్ సిస్టం. విండోస్‌లో దాని పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్. 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చింది. ఇది మొత్తం జాగాను 4 కేబీ ముక్కలుగా చూస్తుంది. వాటినే క్లస్టర్లంటారు. 500 జీబీ డిస్కులో ఇవి 12 కోట్ల 20 లక్షలకు పైగా ఉంటాయి. ప్రతి క్లస్టరుకూ ఒక్క బిట్టు చొప్పున ఒక పటం ఉంటుంది. ఖాళీ అయితే 0, వాడుకలో ఉంటే 1. పన్నెండు కోట్ల గళ్ల పటమంతా కలిపి 15 ఎంబీకి అటూ ఇటే. ఇక మాస్టర్ ఫైల్ టేబుల్ అని ఇంకో పెద్ద పుస్తకం ఉంటుంది. ప్రతి ఫైలుకూ అందులో ఒక పేజీ, సాధారణంగా ఒక కేబీ. ఫైలు పేరు, తేదీ, అది ఏ క్లస్టర్లలో పరుచుకుని ఉందో ఆ పేజీలో ఉంటుంది. ఫైలు మరీ చిన్నదైతే, నాలుగు ఫోన్ నంబర్లు రాసుకున్న నోట్‌ప్యాడ్ ఫైలులాంటిదైతే, దానికి విడిగా క్లస్టరు కూడా ఇవ్వరు. ఆ పేజీలోనే ఇరికిస్తారు.

సి నుంచి 250 జీబీ కోసి డి చేయాలనుకుందాం. పట్టికలోకి వెళ్లి సి పొడవు తగ్గించేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అక్కడే కొంప మునుగుతుంది. పట్టికలో తగ్గించినా, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఇంకా పాత హద్దులే తనవనుకుంటుంది. దాని ఫైళ్లు కొన్ని కోసిన భాగంలోనే ఉన్నాయి. అక్కడ డి తయారై ఫార్మాట్ అయితే ఆ ఫైళ్ల మీద కొత్త రాత పడుతుంది. అందుకని క్రమం తిరగేయాలి. మొదట కోయబోయే చివరి భాగంలో ఉన్న ఫైళ్లను ముందువైపు ఖాళీల్లోకి తేవాలి. తర్వాత ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు నీ హద్దు ఇంతే అని చెప్పాలి. అన్నిటికన్నా చివర పట్టికలో పొడవు తగ్గించాలి. పెంచేటప్పుడు దీనికి తలకిందులు. ముందు పట్టిక, తర్వాత ఫైల్ సిస్టం. ఏ ప్రోగ్రాం వాడినా, ఎంత డబ్బు పెట్టి కొన్నా, డేటా పోకుండా విభజించడం అంటే ఈ వరుస తప్పకపోవడమే.

ఫైళ్లను ముందుకు తేవడంలోనూ ఒక జాగ్రత్త ఉంది. విండోస్ ఒక క్లస్టరును ముందుగా కొత్త చోటికి కాపీ చేస్తుంది. కాపీ పూర్తయ్యాక పుస్తకంలో చిరునామా మారుస్తుంది. ఆ తర్వాతే పాత చోటును ఖాళీ అని రాసుకుంటుంది. చిరునామా మార్పులను ముందుగా ఒక చిట్టాలో కూడా రాసి పెట్టుకుంటుంది. సరిగ్గా ఆ క్షణాన కరెంటు పోయినా, ఫైలు పాత చోటనో కొత్త చోటనో ఎక్కడో ఒకచోట పూర్తిగా ఉంటుంది. చెదిరిన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చే డీఫ్రాగ్‌లో వాడే పద్ధతీ ఇదే. కాబట్టి విండోస్‌లో భాగాన్ని తగ్గించే ష్రింక్ పనిలో కరెంటు భయం జనం అనుకునేంత లేదు. అసలు భయం ఇంకో చోట ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పని ఎలా చేయాలంటే, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవాలి. కింద డిస్కు బొమ్మ కనిపిస్తుంది. భాగాలకు పైన నీలి పట్టీ ఉంటుంది. సి మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ అంటే, కాసేపు లెక్కలు వేసుకుని ఒక పెట్టె తెరుస్తుంది. అందులో ఎంత తగ్గించాలో ఎంబీల్లో అడుగుతుంది. మీరేమీ రాయకముందే అక్కడ ఒక అంకె ఉంటుంది. చాలామంది చేసే పొరపాటు ఆ అంకెను అలాగే వదిలి ష్రింక్ నొక్కడం. అది తగ్గించగలిగినంత గరిష్ఠం. అంతా డికి పోయి సిలో విండోస్ అప్‌డేట్‌కు కూడా చోటు మిగలదు. 200 జీబీ కావాలంటే 200ను 1024తో హెచ్చించి 204800 అని రాయాలి. పని అయ్యాక నల్ల పట్టీతో ఖాళీ జాగా కనిపిస్తుంది. దాని మీదే రైట్ క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ అనాలి. ఫార్మాట్ అన్న మాట కనబడగానే గుండె గుభేలుమంటుంది గానీ, నల్ల పట్టీ మీద చేసే ఫార్మాట్ ఆ ఖాళీ ముక్కకే. నీలి పట్టీ మీద మాత్రం ఆ మాట నొక్కకూడదు.

512 జీబీ కొంటే విండోస్ 476 అని చూపిస్తుంది, మిగతాది ఎవరు తిన్నారని దుకాణంలో గొడవపడేవాళ్లుంటారు. ఎవరూ తినలేదు. డిస్కు చేసేవాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లని లెక్కిస్తారు, విండోస్ 1024ను మూడుసార్లు హెచ్చించి లెక్కిస్తుంది. ఒక టీబీ 931గా కనిపించడానికీ అదే కారణం.

ఇక అందరినీ విసిగించే సంగతి. సిలో 350 జీబీ ఖాళీ ఉంటుంది, ష్రింక్ పెట్టె మాత్రం 40 జీబీయే ఇస్తానంటుంది. డిస్కు పాడైందనుకుని దుకాణానికి పరుగెత్తుతారు. సంగతేమిటంటే, సి చివర్లో ఎక్కడో కదలని ఫైలు ఒకటి కూర్చుని ఉంటుంది. విండోస్ నడుస్తుండగా కొన్ని ఫైళ్లను జరపలేదు. మెమరీ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైలు, హైబర్నేషన్ ఫైలు, రిస్టోర్ పాయింట్ల నిల్వలు, ఒక్కోసారి ఫైల్ టేబుల్‌లోని ఒక ముక్క ఇలాంటివే. ఆ ఫైలు దాకా తగ్గిస్తుంది గానీ దాన్ని దాటి ఇవతలికి రాదు. అడ్డుపడింది ఏదో తెలుసుకోవచ్చు. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ చిట్టా తెరిచి 259 నంబరు ఈవెంట్ వెతికితే, ఆఖరున కదలకుండా ఉన్న ఫైలు పేరు రాసి ఉంటుంది. హైబర్నేషన్ ఆపి, పేజ్ ఫైలును తాత్కాలికంగా తీసేసి, పాత రిస్టోర్ పాయింట్లు చెరిపి, ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే చాలావరకు దారి ఇస్తుంది. పనయ్యాక తీసినవన్నీ మళ్లీ పెట్టాలి. ముఖ్యంగా పేజ్ ఫైలు లేకుండా రోజూ నడిపితే సిస్టం సతాయిస్తుంది.

ఇప్పుడు అసలు భయం సంగతి. సి నిండిపోయింది, డిలో బోలెడు ఖాళీ ఉంది. డి నుంచి కోసి సికి కలపాలి. ష్రింక్ కన్నా ఇది తేలికనుకుంటారు. కానీ డిని తగ్గిస్తే ఖాళీ డి చివర వస్తుంది, సి పక్కన రాదు. విండోస్ తనంత తానుగా కలిపేది కుడిపక్కన ఆనుకుని ఉన్న ఖాళీనే. నడుమ డి ఉంది. ఇంకా కొన్ని ల్యాప్‌టాప్‌లలో సి పక్కనే రికవరీ భాగం ఒకటి అడ్డంగా ఉంటుంది. అందుకే ఎక్స్‌టెండ్ అన్న మాట బూడిద రంగులో నొక్కనివ్వకుండా కనిపిస్తుంది. డిని తీసేయకుండా చేయాలంటే దారి ఒక్కటే. డిని ఎత్తి కుడివైపుకు జరపాలి.

ష్రింక్‌లో భాగానికి కుడి గట్టు జరిగింది. ఇప్పుడు జరపాల్సింది ఎడమ గట్టు. ఈ రెంటికీ పొంతనే లేదు. ఫైల్ సిస్టం చిరునామాలన్నీ భాగం మొదలు నుంచి లెక్క. కుడి గట్టు జరిగితే లోపలి లెక్కలు చెదరవు. ఎడమ గట్టు జరిగితే మొదలే మారింది కాబట్టి లోపలున్న ప్రతిదీ అంతే దూరం జరగాలి. కొత్త చోటు పాత చోటు మీదే పడుతుంది కాబట్టి ముందున్నదాన్ని చెరుపుతూ రాసుకుంటూ పోవాలి. పని సగంలో ఉన్నప్పుడు సగం డేటా కొత్త లెక్కలో, సగం పాత లెక్కలో ఉంటుంది. ఆ క్షణాన కరెంటు పోతే ఏది కొత్త లెక్కో, ఏది పాత లెక్కో చెప్పే రికార్డే ఉండకపోవచ్చు. పైగా ఇది క్షణాల్లో అయ్యే పని కాదు. తిరిగే హార్డ్ డిస్కు ఒకేచోట చదువుతూ రాస్తూ ఉంటే సెకనుకు 50 ఎంబీ పోతుందనుకున్నా, 400 జీబీ జరపడానికి రెండు గంటల పైనే పడుతుంది. మే నెలలో సాయంత్రం గాలి దుమారం లేస్తే లైను ట్రిప్పవడం మన దగ్గర కొత్తేమీ కాదు. అలాంటి పూట యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఈ పని పెట్టుకోవద్దు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉండి, చార్జరు గుచ్చి ఉండాలి. నా మటుకు నేను ఇంత తంటా పడను. డిలో ఉన్నది బయటి డిస్కుకు కాపీ చేసి, డిని తీసేసి, సిని పెంచి, మిగిలిన జాగాలో కొత్త డి చేస్తాను. అంతే సమయం పడుతుంది, నిద్ర మాత్రం బాగా పడుతుంది.

ఒకప్పుడు డేటా పోకుండా విభజించడమన్నదే లేదు. ఎఫ్‌డిస్క్‌తో భాగం మార్చాలంటే పాతది తీసేయాలి, తీసేస్తే అంతా పోతుందని తెర మీదే హెచ్చరిక వచ్చేది. 90ల్లో జర్మనీకి చెందిన ఆర్నో షేఫర్ ఫిప్స్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం రాశాడు. అది అడిగేదొక్కటే, ముందుగా డీఫ్రాగ్ చేసి ఫైళ్లన్నీ ముందువైపు చేర్చుకోమని. ఆ తర్వాత చివర ఖాళీని కోసి వేరే భాగం చేసేది. లైనక్స్ ఎక్కించుకోవాలనుకున్న ఎందరికో అదే మొదటి మెట్టు. అదే కాలంలో పవర్‌క్వెస్ట్ కంపెనీ పార్టిషన్ మ్యాజిక్ పేరుతో బొమ్మలు చూస్తూ భాగాలు జరుపుకునే ప్రోగ్రాం అమ్మింది. మన దగ్గర సిస్టం అసెంబుల్ చేసే ప్రతివాడి దగ్గరా దాని సీడీ ఉండేదంటే అతిశయోక్తి కాదు, కొన్నదా కాపీ కొట్టిందా అని మాత్రం అడక్కూడదు. 2003లో సిమాంటెక్ ఆ కంపెనీని కొనేసింది. తర్వాత ఆ ప్రోగ్రాం మూలనపడింది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను లైనక్స్ వైపు నుంచి తగ్గించే ఎన్‌టీఎఫ్‌ఎస్‌రిసైజ్‌ను హంగేరీకి చెందిన సాబోల్చ్ సకచిట్స్ రాశాడు. జీపార్టెడ్ లోపల ఎన్‌టీఎఫ్‌ఎస్ పని చేసేది ఇప్పటికీ అదే. ష్రింక్ వాల్యూమ్ 2007లో విస్టాతో విండోస్‌లోకే వచ్చేసింది. ఇప్పుడు సి నుంచి డి చేసుకోవడానికి ఏ ప్రోగ్రామూ డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు. ఉచితమని చెప్పి చివర్లో డబ్బులడిగే వాటి జోలికి అసలే పోనక్కర్లేదు.

విండోస్ పక్కనే లైనక్స్ పెట్టుకోవాలనుకునే విద్యార్థులకు ఒక మాట. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో లైనక్స్ తెచ్చే పని చాలాకాలంగా చేస్తోంది. దాన్నైనా ఉబుంటునైనా ఎక్కించేటప్పుడు ఇన్‌స్టాలరే సిని తగ్గించి చోటు చేస్తానంటుంది. ఒప్పుకునే ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపి, పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే విండోస్ సగం నిద్రపోతుందే గానీ మొత్తం ఆగదు. తన పుస్తకాలు కొన్ని మెమరీ బొమ్మలోనే ఉంచుకుంటుంది. ఆ స్థితిలో బయటివాళ్లు సిని ముట్టుకుంటే, విండోస్ లేచాక పాత లెక్కలు మీద రాస్తుంది. నా సలహా, విండోస్‌లోనే ష్రింక్ చేసి ఖాళీ ఉంచి, ఇన్‌స్టాలర్‌కు ఆ ఖాళీనే చూపించండి.

ఈమధ్య కొత్తగా వచ్చిన చిక్కు బిట్‌లాకర్. చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో సి తనంత తానే తాళం వేసుకుని ఉంటుంది. మనకు తెలియను కూడా తెలియదు. విండోస్ లోపలి నుంచి ష్రింక్ చేస్తే ఇబ్బంది లేదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసే పనిముట్లకు మాత్రం ఆ భాగం అర్థంకాని గీతల్లా కనిపిస్తుంది. బూట్ వరుసలో మార్పులు జరిగితే ఒక్కోసారి నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఎవరి అకౌంట్‌లో? ల్యాప్‌టాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఎవరి మెయిల్ ఐడీ ఇచ్చారో వాళ్ల అకౌంట్‌లో. కొన్నచోటే దుకాణంలో పిల్లవాడు తన మెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చి ఉంటే కీ అతని దగ్గర ఉంది, అతనిప్పుడు దుబాయిలో ఉండొచ్చు. విభజన దాకా ఆగకుండా ఇవాళే ఆ కీ తీసి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఏదైనా తేడా వస్తే మొదటి నియమం, ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకుండా ఉండటం. భాగం పొరపాటున తీసేస్తే పోయింది పట్టికలో ఒక వరుస మాత్రమే. ఫైళ్లు, పుస్తకం, పటం అన్నీ అక్కడే ఉంటాయి. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాం డిస్కంతా గాలించి ఎన్‌టీఎఫ్‌ఎస్ మొదలయ్యే సెక్టారు గుర్తులు వెతుకుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన మొదటి సెక్టారు నకలును భాగం చివర కూడా దాచుకుంటుంది, అది దొరికినా చాలు. అవి చూసి పట్టికలో వరుస మళ్లీ రాస్తుంది. విండోస్ మాత్రం ఈలోపు ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని పదేపదే అడుగుతుంది. ఎన్నిసార్లడిగినా క్యాన్సిల్ అనాలి. పాత ఎంబీఆర్ డిస్కులో నాలుగు వరుసలు నిండాక ఇంకో భాగం చేయబోతే డైనమిక్ డిస్కుగా మార్చమంటారా అని అడుగుతుంది. దానికీ వద్దనే చెప్పాలి.

ఎస్ఎస్‌డీ అయితే ఈ ధీమా చెల్లదు. ఫార్మాట్ చేయగానే విండోస్ ఆ జాగా ఇక అక్కర్లేదని ఎస్ఎస్‌డీకి ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది. ఎస్ఎస్‌డీ తీరిక చూసుకుని ఆ గళ్లను నిజంగానే తుడిచేస్తుంది. హార్డ్ డిస్కులో ఫార్మాట్ అయ్యాక కూడా ఎన్నో ఫొటోలు వెనక్కి తెచ్చినవాళ్లున్నారు. ఎస్ఎస్‌డీలో క్విక్ ఫార్మాట్ ఒక్క నిమిషంలో చేసిన నష్టం తర్వాత ఎవరి చేతిలోనూ ఉండదు.

డి డ్రైవ్ మీద మనవాళ్లకున్న నమ్మకం గురించి కూడా చెప్పాలి. డిలో పెట్టాం కాబట్టి భద్రం అనుకుంటారు. విండోస్ చెడి సి ఫార్మాట్ కొట్టినప్పుడు డి మిగులుతుంది, నిజమే. డిస్కే చెడితే సి, డి, ఇ మూడూ ఒకేసారి పోతాయి. మూడూ ఒకే రేకుల మీద, ఒకే చిప్పుల్లో ఉన్నాయి మరి. పెండ్లి ఆల్బంల ఫైళ్లన్నీ సిలో ఒక కాపీ, డిలో ఒక కాపీ పెట్టుకుని రెండు కాపీలున్నాయని నిశ్చింతగా ఉండే స్టూడియోవాళ్లు ఈ సంగతి పట్టించుకోవాలి. పాత పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్లలో కొట్టిన కార్డులు దాచుకున్న డీటీపీ సెంటర్ల సంగతీ అంతే. మామూలు ఇంటి వాడకానికైతే డి లేకపోయినా నష్టం లేదు. ఇప్పటి విండోస్‌లో ఫైళ్లు ఉంచి సిస్టంను మాత్రం కొత్తగా చేసుకునే రీసెట్ ఉంది. ఒక ఫోల్డరు చేసుకుని అందులో అన్నీ పెట్టుకుంటే సరిపోతుంది. ఏటా రెండుసార్లు ఫార్మాట్ కొట్టించే అలవాటున్న సిస్టంకు, రెండు ఆపరేటింగ్ సిస్టంలు కావాలనుకునే విద్యార్థికి, దుకాణంలో పదిమంది వాడే సిస్టంకు డి పనికొస్తుంది.

చేయాలనుకుంటే ముందుగా డిస్కు ఆరోగ్యం చూడండి. టకటకమని చప్పుడు చేస్తున్న పాత హార్డ్ డిస్కును, సెక్టార్లు చెడుతున్నాయని స్మార్ట్ రిపోర్టు చెబుతున్న డిస్కును విభజించకండి, దానిలో ఉన్నది బయటికి తీయండి. బాగున్న డిస్కైతే చెక్‌డిస్క్ ఒకసారి నడపండి, రికవరీ కీ రాసుకోండి, చార్జరు గుచ్చండి. పోతే మళ్లీ దొరకని ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ తీయండి. ఆ డిస్కును ఇంకో సిస్టంకు పెట్టి నాలుగు ఫొటోలు, రెండు డాక్యుమెంట్లు తెరిచి చూడండి. అవి తెరుచుకున్నాకే ష్రింక్ నొక్కండి.